బావ కంచు తాళాలు

చిన్న డ్రమ్మరు కింది తాళాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి స్టాండు మీద వెల్లకిలా పెట్టాడు. పై తాళాన్ని కడ్డీకి తొడిగి, దాని మీద బోర్లించి బిగించాడు. ఎడమకాలి కింద పెడల్ నొక్కితే రెండూ మూసుకుంటాయి. హై-హ్యాట్ అంటారు. మామూలు జత అయితే అంచు పట్టుకుంటే రేకులా ఊగుతుంది. ఇవి దళసరి కంచు. పెట్టెలోంచి తీసేసరికే మణికట్టు లాగేస్తుంది.

నడినెత్తి మీద జుట్టు పలచబడింది, పెద్దపిల్ల కాలేజీకి వెళ్తోంది, అయినా ఈ డాన్సు హాల్లో అతను చిన్న డ్రమ్మరే. పెద్ద డ్రమ్మరు బావ, అంటే అక్క మొగుడు. తాళాలూ బావవే. పగలు క్లాసుకి వాయించడం ఇతని వంతు. సాయంత్రం పాటగాడు వచ్చి హాలు నిండాక బావ వంతు.

క్లాసు మొదలైంది. కర్ర తగిలితే ఆ తాళాలు చిన్న గంటలా తేటగా పలుకుతాయి, కానీ బలం చూసిగానీ నోరు విప్పవు. మెల్లగా తడితే అలిగిన కోడలిలా ఉలకవు, పలకవు. పెడల్ వదిలితే లోపల్నుంచి గుర్రుమంటాయి. ఆ గుర్రుని ఒక్క దెబ్బతో అణచడానికి కాలు ఉండాలి. బావ కాలేస్తే 'చిక్' మని, గడియ పడినట్టు, చివరి కుర్చీ దాకా వినపడుతుంది. ఇతనేస్తే ఆ చిక్ వెనకాల సన్నటి తోకొకటి ఈడ్చుకుంటూ వస్తుంది.

"ఏంటండీ, ఇవాళా ముద్దగానే ఉంది?" అంది డాన్సు టీచరు. "మీ బావగారైతే మేం లెక్కపెట్టుకోనక్కర్లేదు. కాళ్ళే లేస్తాయి."

పిల్లలు నవ్వారు. అతనూ నవ్వాడు. పెడల్‌ని మాత్రం ఇంకాస్త గట్టిగా తొక్కాడు.

పొద్దువాలుతుండగా బావ వచ్చాడు. వస్తూనే తాళాల్ని వేలితో తట్టాడు.

"ఏరా బావమరిదీ, మా ఆవిడ కులాసానా?"

"అక్క ఇంట్లో ఉంది కదా, బావా."

"ఆవిడ మీరు అంటగట్టింది. ఈవిడ నేను ఏరికోరి తెచ్చుకున్నది!"

హాలంతా గొల్లుమంది. బావ కూర్చుని ఎడమ మోకాలు రుద్దుకున్నాడు. ఇతని కంటికి ఆ మోకాలు ఆనలేదు, జనం నవ్వు మాత్రం చెవుల్లో గింగురుమంది. తను అదే మాటంటే ఎవరైనా నవ్వేవారా?

బావ టీకి వెళ్ళగానే ఇతను వంగాడు. కింది తాళం అడుగున చిన్న మర ఉంటుంది. అది తాళాన్ని ఒక పక్క కాస్త ఎత్తి ఉంచుతుంది. మూసినప్పుడు గాలి ఆ సందులోంచి పోవాలి. సమంగా కూర్చుంటే గాలి లోపలే చిక్కి చప్పుడు చచ్చిపోతుంది. మర వదులు చేశాడు. ఒక్క పాట తడబడనీ, చాలు. ఒక్కసారి నన్ను పిలవనీ.

మొదటి పాటకి బావ కాలేశాడు. 'బుస్' మంది. ఇంకా గట్టిగా నొక్కాడు. మళ్ళీ బుస్. బావ మర వంక చూడనే లేదు. ఆ తాళాల్ని తాకేది తామిద్దరే, బావకి అనుమానమెందుకొస్తుంది? రెండో పాటలో అరచేత్తో తొడని అదిమిపట్టి నొక్కాడు. చెమట గడ్డం మీదుగా కారింది.

పాట అవగానే లేచాడు. "నువ్వు కూర్చోరా."

"బావా, అది కాదు..."

"ఈ కాలి నరం చచ్చిపోతోందని డాక్టరు చెప్పాడు. మీ అక్కకి చెప్పలేదు. ఇవి పలికినన్నాళ్ళూ వాడి మాట నమ్మకూడదనుకున్నా. ఇవాళ ఇవే చెప్పేశాయి."

"బావా, ఆ మర..."

"మర బానే ఉంటుందిలేరా. మనిషే అయిపోయాడు. నీ దగ్గరే ఉంచుకో వీటిని."

భుజం తట్టి, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. పాటగాడు "ఊఁ, కానీండి పెద్ద డ్రమ్మరుగారూ!" అన్నాడు వెనక్కి చూడకుండానే.

అతను మర బిగించాడు. పెడల్ కోసం కాలు చాపితే మెత్తగా ఏదో తగిలింది.

బావ వాయించేటప్పుడు ఎడమకాలికి తొడుక్కునే గుడ్డబూటు. మునివేళ్ళ కింద అట్ట అరిగి గుడ్డ తేలింది, లోపల అయిదు వేళ్ళూ గుంటలు పడి ఉన్నాయి, ఇంకా వెచ్చగా ఉంది.