ముత్యం చెవులు

నిజాలే చెప్పి ఒక మనిషిని మోసం చేయవచ్చా? చేస్తే దేవుడి ముందు దానికి ఏం పేరు? ఈ సందేహం ధనరాజును కొన్నేళ్ళుగా వదలలేదు. ఆదివారం ఆరాధనలో కళ్ళు మూసుకున్నప్పుడూ వచ్చేది, అన్నం కంచం ముందు ప్రార్థన చేసుకుంటున్నప్పుడూ వచ్చేది. ఒకసారి పాస్టరుగారిని అడిగాడు కూడా. "ఎవరి సంగతి ధనరాజూ?" అని ఆయన తిరిగి అడిగితే, "నాకు తెలిసినాయనదండి" అని చెప్పి గబగబా వచ్చేశాడు. దారిలో తట్టింది, ఆ మాటలోనూ అబద్ధం లేదు.

ఆ ఉదయం బంటుమిల్లి దగ్గర చెరువులో, పడవ మీద నిలబడి చేపలకు మేత సంచులు కడుతున్నాడు. తవుడు, వేరుశెనగ చెక్క కలిపి నింపిన సంచులకు అడుగున చిల్లులు పొడిచి, నీళ్ళలో పాతిన వెదురు గడలకు వరసగా కట్టుకుంటూ పోవాలి. చేపలు కిందినుంచి వచ్చి చిల్లుల్లోంచి పీల్చుకు తింటాయి. సన్నటి మనిషి ధనరాజు. అరవైకి దగ్గర పడ్డాడు. కుడి భుజం ఎడమ భుజంకంటే కాస్త కిందికి జారి ఉంటుంది. ఏళ్ళ తరబడి గుర్రం కళ్ళెం పట్టుకుని పెళ్ళి ఊరేగింపుల్లో నడిచిన భుజం అది. ఇప్పుడు ఆ చేతుల నిండా తడి తవుడు. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, అతని మడమ దానంతటదే లేచి పడవ అడుగుబల్లను రెండుసార్లు తట్టేది.

"మళ్ళీ మొదలెట్టావా?" అన్నాడు గడ వేసి పడవ నెడుతున్న గంగరాజు. "పడవకి బొక్క పెడతావేంటి బావా? ఓనరుగారు మన జీతంలో కోస్తారు."

"అలవాటురా."

"కాలికి అలవాటేంటి? నువ్వు గుర్రాన్ని నడిపావా, గుర్రం నిన్ను నడిపిందా?"

ధనరాజు నవ్వలేదు. అప్పుడే చొక్కా జేబులో, ప్లాస్టిక్ కవరులో చుట్టిపెట్టిన ఫోను మోగింది. తెలియని నంబరు.

"ధనరాజు అన్నయ్యగారేనాండీ? నేను చల్లపల్లి నుంచి మాట్లాడుతున్నానండి. పాండురంగారావుగారి భార్యని, సుబ్బమ్మని."

అతను పడవ అంచున కూర్చున్నాడు.

"ముత్యం నిన్నట్నుంచి లెగట్లేదండి. పశువుల డాక్టరుగారు చూసి, వయసైపోయింది, ఇంక మందుల్లేవన్నారు. మేము పక్కన కూచున్నా తల తిప్పట్లేదు. పెంచిన మనిషి కదా, మీరొస్తే ప్రశాంతంగా పోతుందని ఈయన ఆశ. మీకు ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లక నన్ను చెయ్యమన్నారు."

మొహం చెల్లనిది ఆయనకట. ధనరాజు "వస్తానమ్మా" అని మాత్రం అనగలిగాడు.

బందరులో ఇంటికి వచ్చేసరికి సత్యవతి గుమ్మంలో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. భర్త చెప్పింది విని, ఒలిచిన రొయ్యను గిన్నెలో వేసింది.

"వెళ్ళు. చూసి, ప్రార్థన చేసుకుని వచ్చెయ్. పాతవి తవ్వకు. తవ్వితే మళ్ళీ పంచాయితీ పెట్టి గుర్రం డబ్బు కక్కమంటారు. ఎక్కణ్ణుంచి తెస్తాం?"

"పాపం, ఆయన తప్పేముందే అందులో?"

"మనం మాత్రం ఏమన్నాం? ఒక్క అబద్ధమాడావా నువ్వు?"

ఆమె చేతిలోని రొయ్య వైపే చూస్తూ, "నాకూ ఒక్కోసారి నిద్ర పట్టదులే," అంది. తర్వాత లేచి చేతులు కడుక్కుని, డబ్బాలోంచి బెల్లంముక్క తీసి కాగితంలో చుట్టి ఇచ్చింది. "దానికిష్టం కదా."

చల్లపల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ధనరాజు ఆ పొట్లాన్ని గుప్పిట్లో పట్టుకున్నాడు.

ముత్యం తెల్ల గుర్రం. అతని దగ్గరికి వచ్చిన రెండో ఏడే జ్వరం తగిలి దాని చెవులు పోయాయి. ఆ సంగతి ఒక గాలివాన రోజున తెలిసింది. వెనక తాటిచెట్టు విరిగి పడితే ముత్యం గడ్డి నమలడం ఆపలేదు. ధనరాజు దాని మెడ పట్టుకుని ఏడ్చాడు. తర్వాత పెళ్ళిళ్ళ రోజుల్లో అర్థమైంది, ఊరేగింపు గుర్రానికి అంతకుమించిన వరం లేదని. చెవి పక్కనే ఔట్లు పేలినా, బ్యాండు మోగినా పెళ్ళికొడుకు కింద రాయిలా నిలబడేది. బందరులో ఎవరి గుర్రమైనా బెదరాలి గానీ ధనరాజు ముత్యం బెదరదని పేరొచ్చింది. దాన్ని నోటితో పిలిచి లాభం లేదు గనక తవుడు పెట్టేముందు మడమతో నేలను రెండుసార్లు గట్టిగా తట్టడం అలవాటు చేశాడు. ఆ అదురు కాళ్ళకు తెలిసి తల తిప్పి చూసేది. ఈ సంగతి అతనికీ సత్యవతికీ తప్ప ఎవరికీ తెలియదు.

కరోనా తర్వాత పెళ్ళికొడుకులు పూలు కట్టిన కార్లెక్కారు. మేత పెట్టలేక ముత్యాన్ని అమ్మకానికి పెడితే, చల్లపల్లిలో షామియానాలూ కుర్చీలూ డీజే బాక్సులూ అద్దెకిచ్చే పాండురంగారావు వచ్చాడు. "బెదురుందాండీ?" ఆయన అడిగింది ఆ ఒక్కటే. ధనరాజు జవాబు చెప్పలేదు. సీమటపాకాయల దండ ఒకటి తెచ్చి ముత్యం వెనక కాళ్ళ దగ్గర వెలిగించాడు. అది మొత్తం పేలి ఆరిపోయేదాకా ముత్యం కదిలితే ఒట్టు. పాండురంగారావు సంబరంగా చప్పట్లు కొట్టాడు. బేరమాడకుండా తోలుకెళ్ళాడు.

కొన్నాళ్ళకే గొడవ వచ్చింది. కాలవ గట్టు మీద వెనక లారీ హారన్ కొడుతున్నా ముత్యం పక్కకు జరగలేదు. దాన్ని తప్పించబోయి లారీ గట్టు దిగింది. డాక్టరు చూసి, దీనికి చెవులు వినపడవన్నాడు. పాండురంగారావు మండిపడుతూ బందరు వచ్చాడు. "చెవిటి గుర్రాన్ని అంటగట్టావయ్యా. నీ గుర్రాన్ని నువ్వు తీసుకుని నా డబ్బు నాకివ్వు." బ్యాండు మేళం నడిపే శామ్యూల్ రాజ్ షాపులో నలుగురు పంచాయితీకి కూర్చున్నారు.

"నీ దగ్గరున్నప్పుడు దాని చెవులు బాగానే ఉన్నాయా?" అని శామ్యూల్ రాజ్ అడిగాడు.

"నా దగ్గరున్నప్పుడు పిలిస్తే వచ్చేదండి," అన్నాడు ధనరాజు. మడమతో పిలిస్తే వచ్చేది. నిజమే.

కూర్చున్నవాళ్ళలో ఎవరో, "డీజే బాక్సుల పక్కన నిలబెడితే మనిషికే చెవులు పోతాయి, నోరులేని జీవానికి పోవా?" అన్నారు. అందరి మొహాలూ పాండురంగారావు వైపు తిరిగాయి. ఆయన కోపం అక్కడికక్కడే చప్పబడిపోయింది. "అవునండి. మావాళ్ళ పెళ్ళిలో తెల్లవార్లూ బాక్సుల పక్కనే కట్టేశాం," అని తల వంచుకున్నాడు. లేచి వచ్చి ధనరాజు రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఉత్తపుణ్యానికి మిమ్మల్ని అనుమానించాను. ఏమీ అనుకోకండి."

ఆ చేతులు తన చేతుల మీద ఉన్నంతసేపూ ధనరాజుకు నోరు విప్పే వీలుంది. విప్పలేదు.

చల్లపల్లిలో దిగి నడుచుకుంటూ వెళ్ళేసరికి ఎండ వాలింది. ఇంటి ముందు షామియానా గడలు, ఒకదానిలో ఒకటి దూర్చిన కుర్చీలు. డీజే బాక్సులుండే రేకుల షెడ్డులో ఇప్పుడు గడ్డి మోపులున్నాయి.

"బాక్సులు లేవమ్మా?" అని అడిగాడు మంచినీళ్ళిచ్చిన సుబ్బమ్మను.

"ఇంకా ఎక్కడి బాక్సులన్నయ్యగారూ! ఆ పంచాయితీ నుంచి వచ్చిన రోజే అమ్మిపారేశారు. బాక్సుల్లేవని సగం బేరాలు పోయాయి. అయినా వినరు. నోరులేని దాని చెవులు తీసేశాను, నాకా సంపాదనొద్దంటారు. ముత్యాన్ని మళ్ళీ ఒక్క పెళ్ళికి పంపలేదు. ఊరికే కూచోబెట్టి మేపారు."

ధనరాజు తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు.

ముత్యం గడ్డి పరుపు మీద, గోడవైపు మొహం పెట్టి పడుకుని ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఒంటి తెలుపు పాతబడిన గోడ సున్నంలా పసుపు తిరిగింది. తల మీద ఎర్రగుడ్డతో కుట్టిన టోపీ. రెండు చెవులకూ రెండు తొడుగుల్లా లేచి, గడ్డం కింద నాడాతో కట్టి ఉంది.

"నేనే కుట్టానండి, జాకెట్టు గుడ్డతో," అంది సుబ్బమ్మ. "వీధిలో ఎవరింట్లోనో పెళ్ళయి బాక్సులు మోగితే ఇంకా నొప్పి పుడుతుందేమోనని. లోపల దూది పెట్టా."

పాండురంగారావు ముత్యం వీపు దగ్గర కూర్చుని ఉన్నాడు. నుదుట నిలువు బొట్టు, మాసిన గడ్డం. ధనరాజును చూసి లేవబోయి, కళ్ళు దించుకున్నాడు. "వచ్చారా. మీ బిడ్డలాంటిదాన్ని ఇలా చూపించాల్సి వచ్చింది." తర్వాత ముత్యం చెవి దగ్గరకు వంగి, "ముత్యం, ఎవరొచ్చారో చూడమ్మా," అన్నాడు. "వినపడదని తెలుసండి. అయినా పిలవకుండా ఉండలేను."

గోడకూ ముత్యానికీ మధ్య ఒక మనిషి కూర్చునేంత చోటుంది. అటు వెళ్ళి కూర్చుంటే ముత్యం కళ్ళతోనే చూస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు. బెల్లం పెట్టి, ప్రార్థన చేసుకుని, బస్సెక్కి వెళ్ళిపోవచ్చు. ధనరాజు అటువైపు ఒక అడుగు వేశాడు కూడా. ఎర్ర టోపీ వైపు చూశాడు. ఆగిపోయాడు.

ఉన్నచోటనే నిలబడి, చెప్పు విడిచి, మడమతో నేలను గట్టిగా రెండుసార్లు తట్టాడు.

ముత్యం తల లేచింది. గడ్డిలోంచి బరువుగా, వణుకుతూ లేచి, మెడ తిప్పి వెనక్కి చూసింది. అతన్ని చూసి ముక్కుపుటాలు కదిపింది.

పాండురంగారావు ధనరాజు కాలి వైపు చూశాడు. ముత్యం వైపు చూశాడు. మళ్ళీ కాలి వైపు చూశాడు.

"ఇది ఎప్పుడు నేర్పారండీ?"

"మీ దగ్గరికి రాకముందే. పదేళ్ళ పైమాట." ధనరాజు ఆయన వైపు తిరిగాడు. "దానికి నా దగ్గరే చెవులు పోయాయండి. జ్వరమొచ్చి. ఆ టపాకాయలు వెలిగించినప్పుడూ నాకు తెలుసు. పంచాయితీలో మీరు నా చేతులు పట్టుకున్నప్పుడూ తెలుసు."

"అంటే... నా బాక్సుల వల్ల కాదా?"

"కాదండి."

"నిజం చెప్పండి. నన్ను ఓదార్చడానికి అనట్లేదు కదా?"

ఆ ప్రశ్నను ధనరాజు తట్టుకోలేకపోయాడు. నిజం తెలిస్తే తిడతాడని, కాలర్ పట్టుకుంటాడని దారంతా అనుకుంటూ వచ్చాడు. "కాదండి. నా భార్య సాక్షి," అని మాత్రం అన్నాడు.

పాండురంగారావు కండువాతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. "సుబ్బూ, విన్నావా? మనం చెయ్యలేదంట. మనం చెయ్యలేదే."

సుబ్బమ్మ ఆయన వైపు వెళ్ళలేదు. ధనరాజు ఎదుట వచ్చి నిలబడింది. ఇప్పుడామె నోట అన్నయ్యగారు లేదు.

"ప్రార్థన చేసుకునే మనిషివే కదయ్యా? ఆ పూట నుంచి ఈయన కడుపు నిండా తిన్నది లేదు. గుళ్ళో అర్చన చేయించినా, నా పేరొద్దు, ముత్యం పేరు చెప్పండి అంటాడు. నాలుగ్గోడల మధ్య ఇప్పుడు నాకు చెప్తే ఏం లాభం? మా ఆయన తల దించుకుంది నలుగురి ముందు."

"ఊరుకో," అన్నాడు పాండురంగారావు కండువాలోంచి.

"ఊరుకోను."

ధనరాజు ఫోను తీశాడు. శామ్యూల్ రాజ్ పేరు వెతికి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు. అవతల క్లారినెట్లు సరిచూసుకుంటున్న చప్పుడు.

"ధనరాజన్నా! ఏంటి, బతికే ఉన్నావా?"

"అన్నా, ఆ రోజు నీ షాపులో గుర్రం పంచాయితీ అయింది కదా. ముత్యం ముందునుంచీ చెవిటిదే. నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. పాండురంగారావుగారి తప్పేం లేదు. ఆ రోజు కూచున్నవాళ్ళందరికీ ఈ మాట నువ్వు చెప్పాలి. నేనూ వచ్చి చెప్తాను."

"ఏ గుర్రం? ఆఁ, ఆ తెల్లదా. ఇప్పుడెందుకన్నా అది? అందరూ మర్చిపోయారు."

"ఇక్కడ మర్చిపోలేదన్నా."

"సరే, సరే. చెప్తాలే," అని శామ్యూల్ రాజ్ పెట్టేశాడు. సుబ్బమ్మ ఆ మాట విని, పక్కకు తిరిగి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

బెల్లం గుర్తొచ్చి ధనరాజు పొట్లం విప్పుతూ ముత్యం మొహం దగ్గరికి వెళ్ళాడు. ముత్యం తల అతనివైపే తిరిగి గడ్డి మీద వాలి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ముక్కు దగ్గర ఒక గడ్డిపరక నిశ్చలంగా ఉంది. ముగ్గురూ ఫోను వైపు చూస్తున్నప్పుడే అది వెళ్ళిపోయింది.

ధనరాజు మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఈసారి ఆ పాత సందేహం రాలేదు. దేవుడి ముందు చెప్పుకోవడానికి సిగ్గు తప్ప మరేమీ లేదు, అదే చెప్పుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి పాండురంగారావు పక్కన వచ్చి కూర్చుని ఉన్నాడు. ఆయన ధనరాజు గుప్పిట్లోంచి బెల్లంముక్క తీసుకుని, రెండుగా విరిచి, ముత్యం పెదవుల దగ్గర ఒక సగం పెట్టి, మిగతా సగం ధనరాజు చేతిలో తిరిగి పెట్టాడు.

గొయ్యి తవ్వడానికి మనుషులు వచ్చేలోగా సుబ్బమ్మ గడ్డం కింద నాడా విప్పి, టోపీని మెల్లగా తీసి, గడ్డి దులిపి, రేకుల షెడ్డు గుంజకున్న మేకుకు తగిలించింది. ముత్యాన్ని తీసుకెళ్ళిపోయాక కూడా అది అక్కడే ఉంది, లోపలి దూదితో, రెండు ఎర్ర చెవులూ నిటారుగా.