ఐలీ పిసకని పిండి

గనిలో పంపుల దగ్గర్నుంచి పెద్ద లారీల దాకా విప్పి బిగించినవాణ్ణి. అయినా మా ఆవిడ వంటింట్లో నాకు ఏనాడూ పని దొరకలేదు. ఐలీ ఎవర్నీ అక్కడ నిలవనిచ్చేది కాదు. పుల్లా అనే మావాళ్ళ తీపిరొట్టెకి పిండి పిసికే రోజైతే మరీను. ఏలకులు దంచి వేసి, వెన్న కలిపి, మోచేతుల దాకా పిండి పూసుకుని ఒళ్ళు మరిచిపోయేది. చర్చిలో పెళ్ళయినా చావయినా, కాఫీతో పాటు జడలా ఆమె అల్లిన ఆ రొట్టె ఉండాల్సిందే.

ఈ చలికాలం ఆమె చేతులు వణకడం మొదలైంది. పిసుకుతున్న ముద్దను సగంలో తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేసి, "ఇకనుంచి రొట్టెకి వేరేవాళ్ళని చూసుకోమను" అంది. ఆ మాటకి నా ప్రాణం ఉసూరుమంది. రొట్టె పంపని ఐలీ ఎలా బతుకుతుంది?

అందుకే చర్చివాళ్ళు పాత సామాన్లు అమ్ముతుంటే, పిండి కలిపే స్టాండ్ మిక్సరొకటి మోసుకొచ్చాను. స్విచ్చేస్తే రొదే తప్ప పిండి పిసికే కొక్కెం కదలదు.

"ఈ శవాన్ని నా బల్లమీద పెట్టావేంటి రెయినో?"

"చావలేదే. పళ్ళూడాయంతే, నాకులాగే."

చాన్నాళ్ళకి నవ్వింది.

పైమూత విప్పితే పాత గ్రీజు నల్లగా గడ్డకట్టి ఉంది. చెంచాతో తోడేశాను. లోపల చిన్న గేరు అరిగి నున్నబడింది. బరువెక్కువైతే మోటారు కాలకుండా ముందు అదే పోవాలని మెత్తగా చేస్తారు దాన్ని. కొత్తది తెప్పించి, సీల దిగ్గొట్టి, గ్రీజు దట్టించి బిగించాను. ఐలీ టార్చి పట్టుకుంది. వెలుగు గోడంతా తిరుగుతుంటే "సరిగ్గా పట్టుకోవే" అనబోయి నాలుక కరుచుకున్నాను.

మిక్సరు బ్రహ్మాండంగా తిరిగింది. ఆమె చెబుతుంటే పిండిని జడలా నేనే అల్లాను. ఆదివారం చర్చిలో కాఫీ పోసే హిల్యా ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఐలీ! ఇంత మెత్తగా ఎన్నడూ కుదర్లేదే నీకు! ఏం మాయ చేశావమ్మా?"

తక్కినవాళ్ళూ అదే మాట. నేను పొంగిపోతున్నాను, వెర్రివెధవని.  ఇల్లు చేరి వంటింట్లోకొచ్చాక ఐలీ అడిగింది.

"నిజం చెప్పు. నేను చేసిన దానికంటే బాగుందా?"

"ఛ! నీ చేతి రొట్టె ముందు ఇదెంత?"

"అబద్ధం. కారులో కూడా తింటూనే ఉన్నావు." మిక్సరు వైపు చూసింది. "ఇన్నేళ్ళూ నా చేతుల్లో ఏదో ఉందనుకున్నాను రెయినో. ఈ ఇనుప కొక్కెమే నయమన్నమాట."

నా గుండె పగిలిపోయింది. "ఇప్పుడే తీసుకెళ్ళి పారేస్తానే దీన్ని!"

"ఎందుకు? బాగానే పనిచేస్తోందిగా. కొలతలు చెబుతాను, నేర్చుకో. ఇక నేనిందులోకి రాను."

గోడకున్న తన ఏప్రను తీసి నా మెడలో వేసింది. వెనక్కి వెళ్ళి నాడాలు కట్టబోయింది. ముడి పడదు. మళ్ళీ ప్రయత్నించింది, పడదు. నేను కడతాననలేదు. ఆమె చూడకుండా ఏడుస్తూ, కదలకుండా నిలబడ్డాను.