కెంపమ్మ చేయించుకున్న స్టూలు

మూడో చుట్టుకే పట్టీ జారిపోయింది. కెంపమ్మ దాన్ని మళ్ళీ విప్పి, కుడి మోకాలి చిప్ప మీద బొటనవేలితో అదిమి పట్టుకుని మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టింది. గోదాములో ఇంకా విప్పని చీరల మూట మీద కూర్చుని ఉంది. ఎనిమిదిన్నరకు మూట మీద కూర్చోవచ్చు. తొమ్మిదికి షట్టరు ఎత్తారంటే ఆ కొట్లో కూర్చునే హక్కు కొనేవాళ్ళకే, అమ్మేవాళ్ళకు లేదు.

ఒకప్పుడు ఆ మోకాలికి రెండు పట్టీలు కలిపి పిన్నీసు పెట్టేది. ఇప్పుడు ఒక్కటే చుట్టినా చివర మిగిలిపోతోంది. తొడ మీది చర్మం ఖాళీ సంచిలా వేలాడుతోంది. చిప్ప మాత్రం అప్పటిలాగే వాచి, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. లేచి నిలబడినప్పుడు లోపల ఎముక ఎముకను రాసుకున్న చప్పుడు ఆమెకు వినబడింది.

"మాత్ర ఏసుకుంటివా అక్కా?" అంది మలర్. పక్క కౌంటరు పిల్ల, నల్లంపల్లి నుంచి ఇద్దరూ ఒకే బస్సులో వస్తారు.

"తెల్లది ఏసుకున్నా."

"దానికి ఆగుతుందా?"

"ఆగదు. ఏసుకున్నామని మనసుకు."

తెల్లది అంటే జ్వరానికి వేసుకునే మాత్ర. లావు తగ్గడానికి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ తర్వాత బెంగుళూరు ఆస్పత్రిలో వేసుకోమన్నది అదొక్కటే. అంతకుముందు ఆరేళ్ళు ఆమెను నిలబెట్టిన నొప్పి మాత్రలను జన్మలో ముట్టుకోవద్దని అక్కడి నర్సమ్మ చేతులు పట్టుకుని చెప్పింది. "నీ పొట్ట ఇప్పుడు కోడిగుడ్డంత. అవి పడినాయంటే పుండవుతుంది, లోపలే రక్తం పోతుంది" అంది. కెంపమ్మకు ఆ మాట బాగా గుర్తుంది. గుర్తుండీ మూడు వారాలుగా మందుల షాపులో 'ఒక సెట్టు' అని అడిగి తెచ్చుకుంటోంది. పేరూ ఊరూ లేకుండా కత్తిరించిన మూడు రంగుల మాత్రలు, ఒక చిన్న కాగితం కవరు. అది జాకెట్టులో ఉంది. మలర్‌కు చెప్పలేదు.

పాత కొట్టు ధర్మపురి బస్టాండు వెనక సందులో ఉన్నప్పుడు తెల్ల పరుపు మీద కూర్చుని చీరలు పరిచేవాళ్ళు. కెంపమ్మ అప్పుడే పనిలో చేరింది, చేరి పదహారేళ్ళవుతోంది. కొట్టు యజమాని పెద్ద మొదలాళి సంత రోజున అందరికీ టీ తెప్పించేవాడు. ఏడేళ్ళ కిందట మూడంతస్తుల మేడ కట్టారు, అద్దాల కౌంటర్లు పెట్టారు, పరుపులు ఎత్తేశారు. పగ్గాలు కొడుకు ప్రతాప్ చేతికి వచ్చాయి. ఆ రోజు నుంచి పన్నెండు గంటలు కాళ్ళ మీదే. చిరునవ్వు మాత్రం దించకూడదు, పైన కెమెరా ఉంది.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కెంపమ్మ నిలబడే తిన్నది, ఒళ్ళు మాత్రం కొండలా పెరిగింది. నూట ఎనిమిది కిలోలు. మోకాలి నొప్పి అని ఎక్కడికి పోయినా ఒకటే మాట, లావు తగ్గు. ధర్మపురి డాక్టరు ఆమె తలుపులో అడుగు పెట్టగానే, ఇంకా కుర్చీ దాకా రాకముందే ఆ మాట అనేశాడు. మోకాలిని ముట్టుకుని చూసినవాడు లేడు. చీరలు కొనడానికి వచ్చిన ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు కూడా "రాత్రి పూట అన్నం మానెయ్యమ్మా" అని ఉచిత సలహా పారేసి పోయేవాళ్ళు. ఉచితమైంది కదా, ఎవరైనా ఇస్తారు! ఆమె రాత్రి పూట వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోసుకుని, ఉప్పు మూటతో కాపడం పెట్టుకుని, పొద్దున టీతో మాత్ర మింగి బస్సెక్కేది.

నాలుగు వరసల రోడ్డు కోసం నల్లంపల్లి దగ్గర ఆమె నాయన రాసిచ్చిన చేను పోయింది. చెనక్కాయ పండే చేను. ఆ పరిహారం పట్టుకుని బెంగుళూరు పోయి పొట్ట కోయించుకుంది. తమ్ముడు చిన్నసామి, "అదేందక్కా, నేలమ్మిన దుడ్డు ఒళ్ళు తగ్గేదానికా?" అన్నాడు. "కాళ్ళు నిలిచేదానికిరా" అంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆపరేషన్ మోసం కాదు. ఆరు నెలలు ఆమె బస్సు మెట్లు చెయ్యి పట్టకుండా ఎక్కింది. ఒకరోజు కారిమంగళం సంత అంతా తిరిగి వచ్చింది. నలభై కిలోలు దిగిపోయాయి. కానీ అరిగిన ఎముక మళ్ళీ మొలవదు. బెంగుళూరు డాక్టరు ఆ సంగతి దాచలేదు. "బరువు దిగింది, ఇక కాలికి విశ్రాంతి ఇయ్యాల. గంటకోసారి కూర్చోవాలి" అని, అదే ముక్క ఇంగ్లీషులో ఉత్తరం రాసి సంతకం పెట్టి ఇచ్చాడు.

ప్రతాప్ ఆ ఉత్తరం చదివి మడిచి తిరిగి ఇచ్చేశాడు. "ఇదంతా గవర్నమెంటు ఉద్యోగాలకక్కా" అన్నాడు.

అయినా ఆమె ఊరుకోలేదు. ఊళ్ళో ఎల్లప్పన్ ఆచారి చేత వేప చెక్కతో స్టూలు చేయించింది. కౌంటరు వెనక పట్టేంత వెడల్పు, కూర్చున్నా చేతులు చీరలకు అందేంత ఎత్తు. కొలతలు తనే ముక్క దారంతో కొలుచుకుని పోయింది. ఆషాఢం మొదలు కాకముందు ఒక శుక్రవారం దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ప్రతాప్ చూసి, "అరే, సూపర్‌గా ఉండాదే!" అని మెచ్చుకుని, కౌంటరు ముందు వైపు, కొనేవాళ్ళు కూర్చునే చోట వేయించాడు. సొంత స్టూలుకు ఆమె రోజూ ఎదురుగా నిలబడుతోంది.

ఆ రోజు ఆడి నెల, అంటే ఆషాఢం, తగ్గింపు అమ్మకాల్లో మూడో శనివారం. పదింటికల్లా మెట్ల దాకా జనం. పదకొండింటికి పెరియంపట్టి నుంచి ఒక పెద్దామె, ఇద్దరు కోడళ్ళు వచ్చారు. తెలుగువాళ్ళు. తెలుగు మాట్లాడేవాళ్ళు వస్తే తిన్నగా కెంపమ్మ దగ్గరికే వస్తారు. పెద్దామె స్టూలు మీద సర్దుకుని కూర్చుంది.

"ఆడి పోయి ఆవణి వస్తానే మనవరాలి పెండ్లి. ముహూర్తం పట్టు ఆడిలో కొనము, తెలుసు గదా. సుట్టాలకు పెట్టుబడి చీరలు సూపించు. ఇరవై కావాల."

కెంపమ్మ తీయసాగింది. పై అరలోవి కావాలంటే మునివేళ్ళ మీద లేవాలి, కింది అరలోవి కావాలంటే వంగాలి. వంగినప్పుడల్లా మోకాల్లో సూది దిగినట్టవుతోంది. ఒక్కో చీర రంగూ అంచూ చెప్పి, భుజం మీద వేసి చూపించి, మడత పాడవకుండా మళ్ళీ వేస్తోంది. డెబ్భై చీరలు పరిచేసరికి పై పెదవి మీద చెమట పట్టింది. ఎడమ చేత్తో అద్దం అంచు పట్టుకుంది.

పెద్దామె చీరల నుంచి తల ఎత్తి చూసింది.

"ఏందిమే, మొగమంతా అట్ల తెల్లబోయింది? కాలు నొప్పా?"

"ముట్టి వలి అవ్వా, మోకాలు. పాతదే."

"కూసోని సూపించు. మేమేం అనుకోము."

"మాకు సీటు లేదవ్వా."

"సీటు లేకుంటే?" పెద్దామె దిగ్గున లేచింది. స్టూలు ఎత్తి, కౌంటరు పక్క సందులోంచి లోపలికి తోసింది. "కూసో. నాకూ ముట్టి నొప్పే, నాకు తెలీదా? కూసో మొదల."

కెంపమ్మ కూర్చుంది. ఎల్లప్పన్ పనితనం తప్పు పోలేదు. కూర్చున్నా చేతులు చీరలకు సరిగ్గా అందాయి. నాలుగు చీరలు అలా కూర్చునే చూపించింది. అయిదో చీర చేతిలో ఉండగా ప్రతాప్ మెట్లు దిగి వచ్చాడు.

"అక్కా, ఏంది ఇది? కస్టమర్ నిలబడుకోని ఉండారు, నువ్వు కూసున్నావు?"

"నేనే కూసోమన్నానప్పా" అంది పెద్దామె.

అతను ఆమెకు నవ్వుతూ నమస్కారం పెట్టి, కెంపమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ముందంటే లావుండావు, సరే. ఇప్పుడు సన్నంగా పిల్ల మాదిరి ఉండావే! ఇంకేం నొప్పి నీకు?"

కెంపమ్మ లేచింది. చేతిలోని చీరను మడిచి పక్కన పెట్టింది. ఆమె గొంతు పెద్దది కాదు, ఆ రోజు మాత్రం చుట్టుపక్కల కౌంటర్లన్నిటికీ వినబడింది.

"తంబీ, లావున్నప్పుడు స్టూలు అడిగితే ఇరిగిపోతాదంటివి. నవ్వినారు అందరూ. ఒళ్ళు తగ్గించుకోని రా అంటివి. నాయన చేను పోగొట్టుకోని, కడుపు కోయించుకోని వచ్చినాను. ఇప్పుడు సన్నమైనావు, స్టూలు యాల అంటావు. నేను కూసోవాలంటే ఎంత ఒళ్ళుండాలో అది సెప్పప్పా. అంతే ఉంటాను."

కోడళ్ళు చీరలు వదిలి చూస్తున్నారు. మలర్ చేతిలో కత్తెర ఆగిపోయింది. ప్రతాప్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆడి అయినాక చూద్దాం" అని స్టూలు ఎత్తి తిరిగి కౌంటరు ముందు పెట్టాడు. "కూర్చోండమ్మా" అన్నాడు పెద్దామెతో.

"నాకొద్దు" అంది ఆమె. ఇరవై చీరలూ నిలబడే ఎంచుకుని, నిలబడే బిల్లు వేయించుకుని పోయింది. మంచిదే. కానీ ఆమె పోయినాక మళ్ళీ జనం వచ్చారు, స్టూలు మీద ఎవరో కూర్చున్నారు, కెంపమ్మ ఎదురుగా నిలబడింది.

ఒంటిగంటన్నరకు గోదాములో డబ్బా తెరిచింది. అర ఇడ్లీ, గరిటెడు పెరుగు, ఆమె పొట్టకు పట్టేది అంతే. రెండు రోజులుగా అదీ దిగడం లేదు. కడుపులో మంట, లేచినప్పుడు కళ్ళు తిరగడం. దొడ్డికి పోతే తారులా నల్లగా వస్తోంది. అదేమిటో ఆమెకు తెలుసు. నర్సమ్మ అదీ చెప్పింది, అలా అయితే ఆ పూటే ఆస్పత్రికి రమ్మంది. ఆడి నెలలో సెలవు పెడితే మళ్ళీ రానక్కర్లేదని గోడ మీద కాగితం అంటించి ఉంది. ఇంకో పది రోజులు గడిస్తే ఆడి పోతుంది. ఆమె కాగితం కవరు తీసి మూడు మాత్రలూ మింగి నీళ్ళు తాగింది.

వద్దన్నవాళ్ళు ఎందరో! అన్నం తినొద్దు, మాత్ర వేయొద్దు, వంగొద్దు, మెట్లెక్కొద్దు. పన్నెండు గంటలు నిలబెట్టొద్దు అని ఆ ప్రతాప్‌తో చెప్పే నాథుడు మాత్రం లేకపోయాడు. ఒక్క కాగితం ముక్క చెప్పింది, దాన్ని మడిచి ఇచ్చేశాడు.

నాలుగింటికి కౌంటరు పట్టుకుని నిలబడినా నిలవలేకపోయింది. మలర్ పోయి పర్మిషన్ అడిగి వచ్చింది. పొద్దుటి మాటల మంట ఉందో, పాపమనిపించిందో, ప్రతాప్ పొమ్మన్నాడు.

"నేనూ వస్తానక్కా. బస్సు దాకా."

"వద్దే. ఇద్దరికీ జీతం పట్టుకుంటాడు. రాత్రి వచ్చేటప్పుడు గోదాములో నా డబ్బా తీసుకోని రా, మర్సిపోవద్దు."

బస్టాండులో సేలం వైపు బస్సు ఖాళీగా ఉంది. కిటికీ పక్క సీటు దొరికింది. ఆమె కుడి కాలు చాపుకుని, తల ఊచకు ఆనించి కళ్ళు మూసుకుంది. కండక్టరు దొరసామికి ఆమె రోజూ కనిపించే మనిషే, టికెట్టు ఆమె అడగకుండానే చించి చేతిలో పెట్టాడు.

"నల్లంపల్లి!" అని అరిచాడు. ఇద్దరు దిగారు. "అక్కా, నల్లంపల్లి వచ్చిండాది" అన్నాడు మళ్ళీ. దగ్గరికి వచ్చి భుజం తట్టాడు. చేతిలో టికెట్టు అలాగే ఉంది. లోపలే రక్తం పోయిందని, ప్రాణం బస్సులోనే పోయిందని పెద్దాస్పత్రిలో చిన్నసామికి చెప్పారు.

సోమవారం కొట్టు అరగంట ఆలస్యంగా తెరిచారు. ప్రతాప్ ఫొటో కట్టించి తెచ్చాడు. ఆయుధపూజ నాడు అందరూ కలిసి తీయించుకున్న దాంట్లోంచి కోసి పెద్దది చేయించినది. నూట ఎనిమిది కిలోల నాటి కెంపమ్మ, బుగ్గలు నిండుగా, నవ్వుతూ ఉంది. ఆమె చోటులోనే పెడదామన్నాడు. అద్దం మీద తగ్గింపు బోర్డు ఉంది, అక్కడ కుదరలేదు. అటూ ఇటూ చూశాడు.

"ఆ స్టూలు ఇట్ల లోపలికి ఇయ్యి" అన్నాడు.

మలర్ కదల్లేదు. "శనివారం దాన్ని బయటికి పెట్టినది మీరే గదా. మీరే తెచ్చుకోండి" అంది.

అతను వంగి, తనే ఎత్తి లోపల వేసి, దాని మీద ఫొటో ఆనించి, మల్లెల మాల వేశాడు. తర్వాత షట్టరు పూర్తిగా ఎత్తారు, జనం వచ్చారు. కౌంటరు వెనక, ఆమె ఏడేళ్ళు నిలబడిన చోట, ఆమె కొలిచి ఇచ్చిన ఎత్తులో, వేప చెక్క స్టూలు నాలుగు కాళ్ళూ నేలకు ఆనుకుని ఉంది.