మూడక్షరాల పగ

కారు అద్దం దిగింది. ఆమె చీటీ అందుకుని యంత్రంలో దూర్చి, అడ్డకర్ర లేపే బొత్తాం నొక్కింది. కారు నేలమాళిగ పార్కింగు చీకట్లోంచి వెనకవీధి ఎండలోకి ఎక్కిపోయింది. దాని పొగ మాత్రం అద్దాల గదిలోకి దూరింది. గది అని పేరే గానీ, కూర్చుంటే మోకాళ్లు బల్లకు తగులుతాయి, ఒళ్లు విరుచుకుంటే మోచేతులు అద్దాలకు కొట్టుకుంటాయి. ఆమె కొంగుతో ముక్కు మూసుకుని దగ్గింది. అప్పుడే గేటు ఫోను మోగింది.

"ఆర్, ఎస్, పి."

పలకరింపు లేదు. ముందు గేటు దగ్గర కూర్చునే బావగారి గొంతు. లోపలికొచ్చిన బండి నంబరు పలక మీద ఉన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు చదివాడు. ఆ మూడూ అదే వరసలో వచ్చే మాట చెప్పాలి. మధ్యలో వేరే అక్షరాలు ఎన్నయినా ఉండొచ్చు. ఎవరి మాట పొడుగైతే వాళ్లది గెలుపు.

"ముందు మీరే చెప్పండి బావగారూ."

"రెస్పాన్సిబిలిటీ," అన్నాడు ఒక్కో ముక్కా నములుతూ. "అదంటే ఏంటో కొన్ని కొంపల్లో తెలీదులే."

ఆమె గోడకేసి చూస్తూ వేళ్లు ముడిచింది, విప్పింది.

"ఇర్రెస్పాన్సిబిలిటీ. మీ మాట కంటే రెండక్షరాలు ఎక్కువ. అదంటే ఏంటో మీకు బాగా తెలుసు."

"ముందు ఐ, ఆర్ తగిలిస్తే అదీ ఓ గెలుపేనా?"

"గెలుపే," అని ఫోను పెట్టేసింది.

ఆ ఆట నిజానికి ఆమె మొగుడిది. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ వీధిగుమ్మంలో కూర్చుని, పోయే బండ్లను చూస్తూ ఆడేవాళ్లట. ఓడినప్పుడల్లా అన్న తమ్ముడి చెవి మెలిపెట్టేవాడట. పెళ్లయ్యాక బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా మొగుడు ఆమెకు ఆ ఆట నేర్పాడు. ఆమె గెలిస్తే నలుగురూ చూస్తున్నా చప్పట్లు కొట్టేవాడు. ఏ ఉద్యోగంలోనూ ఏడాది నిలవలేదు గానీ ఆమెను ఒక్క పరుషమైన మాట అనలేదు. కామెర్లతో పోయాడు. శవం ఇంట్లో ఉండగానే అన్నగారు వాకిట్లో నలుగురి ముందూ అన్నాడు: "వాడికి బతకడం కూడా చేతకాలేదు."

ఆ రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. వెనక గేటు పని అతనే ఇప్పించాడు. కడుపు మాడుతోంది కాబట్టి పుచ్చుకుంది. మాట మాత్రం కలపలేదు. చేరిన కొత్తలో ఒకరోజు ఫోను మోగి, మూడక్షరాలు వినబడ్డాయి. చచ్చినవాణ్ణి వెక్కిరిస్తున్నాడనుకుంది. ఒళ్లు మండి, దొరికినంత పొడుగు మాట ఒకటి అతని మొహాన కొట్టింది. అప్పటినుంచీ వాళ్లిద్దరి మధ్యా నడిచేది అదొక్కటే.

మధ్యాహ్నం ఆమె డబ్బా మూత తీసి రెండు ముద్దలు తిన్నదో లేదో, ఫోను మళ్లీ మోగింది.

"డి, పి, టి."

"డిపార్ట్‌మెంట్," అంది తొందరపడి, నోట్లో ముద్దతోనే.

అవతల సన్నటి నవ్వు. "డిసప్పాయింట్‌మెంట్. పుట్టిన రోజునే మా తమ్ముడికి ఆ పేరు పెట్టాల్సింది కదూ?"

ఆమె డబ్బా పక్కకు నెట్టేసింది. ఇన్నేళ్లలో అతని మీద ఆమె మర్యాద తప్పింది లేదు. తిట్టినా గారు తగిలించే తిట్టింది.

"నీ నోరు పడిపోను!" అని అరిచింది.

"ఆ మాటకు స్పెల్లింగ్ చెప్పు అమ్మాయ్, లెక్కేద్దాం."

ఫోను విసిరికొట్టినట్టే పెట్టింది. మిగిలిన అన్నం చెత్తబుట్టలో పారేసింది. వచ్చిన చీటీనల్లా లాక్కున్నట్టు తీసుకుంది. ఒక ముసలాయన, "ఏమ్మా, నేనేం చేశాను?" అన్నాడు. ఆమె బొత్తాం నొక్కి మొహం తిప్పుకుంది.

ఆ తర్వాత ఫోను మోగలేదు. నోరు మూసుకున్నాడు, బుద్ధొచ్చింది అనుకుంది. సాయంత్రమయ్యేసరికి ఆ మౌనం కూడా ఆమెకు కోపమే తెప్పించింది. అంత మాట అనేసి హాయిగా కూర్చున్నాడన్నమాట.

ఎండ గోడ దిగుతుండగా కిందినుంచి అంబులెన్సు వచ్చింది. పైన దుకాణాల్లో ఎవరో పడిపోయి ఉంటారు. దీపం తిరుగుతోంది గానీ మోత లేదు. డ్రైవరు తొందరపడటం లేదు. ఆమె బొత్తాం నొక్కింది. బండి ముందుకు కదిలాక, అలవాటుగా కళ్లు పలక మీదికి పోయాయి. ఆర్, ఎఫ్, జి.

చటుక్కున తట్టింది. అతను రెఫ్రిజిరేటర్ అంటాడు. అననిచ్చి, అప్పుడు రెఫ్రిజిరేషన్ అనాలి. ఒక్క అక్షరం ఎక్కువ. ఒక్క అక్షరంతో ఓడితేనే మనిషికి మంట. ఇన్నేళ్లలో ఎన్నడూ తనంతట తాను ఫోను చేయని ఆమె ఆ రోజు చేసింది. చాలాసేపు మోగింది. ఎత్తగానే ఊపిరి తీసుకోకుండా అంది:

"ఆర్, ఎఫ్, జి! చెప్పండి చూద్దాం!"

"అమ్మా, నేను సూపర్‌వైజర్ని."

"ఆయనకివ్వండి."

"పెద్దాయన్ని ఇప్పుడేగా మీ గేటు మీదుగా తీసుకెళ్లారు. కుర్చీలోనే పోయాడమ్మా. గేటు తెరవట్లేదని బండ్లవాళ్లు గోల చేస్తుంటే వచ్చి చూశాం. అప్పటికే ఏం లేదు."

"రెఫ్రిజిరేషన్," అంది ఆమె.

"ఏంటమ్మా?"

"ఏం లేదు."

ఆమెకు ఏడుపు రాలేదు. మాట పడకుండా పోయాడు, ఈసారీ తప్పించుకున్నాడు అనుకుంది. అతని చెవిన పడని ఆ మాట నాలుక మీదే ఉండిపోయింది, ఉమ్మలేక మింగలేక. రెండు చీటీలు తలకిందులుగా పెట్టి, కీచుమనే యంత్రం చేత తిట్టించుకుంది. రాత్రి పనివాడు రాగానే లేచి, ఎప్పుడూ పోయే వెనకవీధి వదిలేసి, నేలమాళిగలోంచి ముందు గేటుకు నడిచింది.

అక్కడి గదీ తన గదంతే. కుర్చీ పక్కకు లాగేసి ఉంది. సూపర్‌వైజర్ ఆమెను చూసి మర్యాదగా బయటికి జరిగాడు. ఆమె వంగి బల్ల కిందికి చూసింది. మోసుకెళ్లే కంగారులో ఊడిపోయినట్టుంది, ఎడమకాలి బూటు పక్కకు ఒరిగి పడి ఉంది. మడమ బయటివైపు మాత్రమే అరిగింది. ఆమె మొగుడి బూట్లూ సరిగ్గా అక్కడే అరిగేవి. లేసు ముడి ఇంకా బిగువుగానే ఉంది.