పదకొండు వరుసలు

ముప్పయ్యో వరుస దాటగానే అల్సీద్ ఆగి, కత్తెర మొనతో బూటు అడుగు గీక్కున్నాడు. ప్రతిసారీ ఇక్కడే ఆగుతాడు. ముప్పయ్యో వరుస దాకా నేలనిండా చెకుముకిరాళ్ళు. అడుగేస్తే కరకరమంటాయి, బూటుకు ఏమీ అంటదు. అక్కడినుంచి కొండ అంచు వరకూ తెల్లటి సుద్ద బంకమన్ను. నాలుగడుగులకే ఒక్కో బూటు రెండింతల బరువు తూగుతుంది. మధ్యన గట్టూ లేదు, హద్దురాయీ లేదు. దస్తావేజుల్లో అంతా ఒకటే చెక్క, కాకిగుట్ట. పైనున్న తీగా ఒకటే, షెనాఁ ద్రాక్ష. కానీ ఆ నేల ఎక్కడ మారుతుందో అల్సీద్ మడమలకు తెలుసు.

"ఎవత్తికి చూపించుకుందామని మావా, బూట్లకి ఆ సింగారం?" అంది వరుసకు అవతలి పక్కన కోస్తున్న జెర్మెన్. ఆకుల మధ్యనుంచి ఆమె ఎర్రటి చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి.

"నేల మారింది."

"యాభై ఏళ్ళనించీ ఇదే పాట. మారిందే అనుకో, ఒక్కనాడన్నా నీకు లేచి దండం పెట్టిందా?"

అల్సీద్ నవ్వి వంగాడు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. వీపుబుట్ట మోసి మోసి కుడిభుజం జారిపోయింది. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో కత్తెరలో పడి రెండుగా చీలి, అలాగే పెరుగుతోంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, కోతలైపోయాక చూద్దామనుకున్నానని చెబుతాడు. ఈ కోతతో అతను పని మానేస్తున్నాడు. మోకాళ్ళు ఇంక వల్ల కాదన్నాయి.

కింద లువార్ నది మీద పొగమంచు విడలేదు. ఆ మంచు పైకి పాకి పళ్ళకు బూజు పట్టిస్తుంది. కొత్తగా వచ్చిన కోతగాళ్ళు అది చూసి మొహం చిట్లిస్తారు. అల్సీద్ మాత్రం ముడుచుకుపోయిన, బూడిదరంగు నూగు కప్పిన పళ్ళను పురిటిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తుతాడు. ఆ బూజు పండులోని నీటిని పీల్చి తీపిని చిక్కబరుస్తుంది, తేనె అందులోనే ఉంటుంది. రాళ్ళనేలలో ఆ బూజు అరుదు. సుద్దనేల పదకొండు వరుసల్లో గుత్తి గుత్తికీ ఉంది.

పద్నాలుగో ఏట, పనిలో చేరిన మొదటి వారమే, అతను ఒక్కో నేలనుంచి ఒక్కో పండు నోట్లో వేసుకుని పెద్దయజమానిని అడిగాడు: ఇవీ అవీ కలిపి ఎందుకు పిండుతారని. పెద్దయజమాని గడ్డం గోక్కుని, "తీగ దగ్గర నువ్వు, పీపా దగ్గర నేను" అన్నాడు. మాట అక్కడితో తెగింది. ఆ తరువాత ఎన్ని ఏళ్ళు వచ్చాయో అన్ని రకాల వైనూ వచ్చింది. చలి ముదిరిన ఏడు తీపి లేనిది, మంచు నిలిచిన ఏడు తియ్యనిది, పంట పలచబడితే బుడగల వైను. ఏదైనా నలభై ఒక్క వరుసల కలగలుపే. ఆదివారంపూట తనకిచ్చిన గ్లాసు తాగినప్పుడల్లా అల్సీద్‌కు అందులో గట్టిగా మాట్లాడే మనిషి వెనక మరెవరో నెమ్మదిగా ఏదో చెబుతున్నట్టు ఉండేది. ఆ రెండోవాణ్ణి ఒక్కసారి ఒంటరిగా వినాలని ఉండేది.

మధ్యాహ్నం ట్రాక్టరు నీడలో అందరూ రొట్టె, మేకపాల జున్ను తింటున్నారు. యజమానురాలు ఓదెత్ మబ్బులకేసి చూస్తూ నిలబడి ఉంది. పెద్దయజమాని మనవరాలు. వైను చదువు చదివి వచ్చింది. అల్సీద్ టోపీ తీసి దగ్గరకు వెళ్ళాడు.

"మదామ్, ఆ చివరి పదకొండు వరుసలూ విడిగా పిండుదాం."

"విడిగానా? రేపు వానంటున్నారు. పెద్ద గానుగ సగం నిండితే సరిగా పిండదు, మీకు నేను చెప్పాలా?"

"గుహలో చిన్నదుంది కదా. చేత్తో తిప్పేది."

"ఎవరు తిప్పుతారు?"

"నేను."

జెర్మెన్‌కు రొట్టె పొలమారింది. "నువ్వా! నడుం తిప్పడానికే గోడ పట్టుకుంటావు!"

ఓదెత్ నవ్వలేదు. "ఎందుకు అల్సీద్?"

"ఏముందో చూద్దామని."

"ఏమీ లేకపోతే?"

"లేదని తెలుస్తుంది."

ఆమె అతని బూట్లకేసి చూసింది. మడమల దాకా తెల్లగా మెత్తిన మన్ను. "ఒక్క పీపా. పులిసి పాడైతే ఆ వెనిగరంతా మీరే తాగాలి మరి" అంది.

పీపాలు దాచే ఆ గుహ కొండను తొలిచి చేసింది. తెల్లరాతి గోడలు ఎండాకాలంలోనూ చెమ్మగా ఉంటాయి. అల్సీద్ చొక్కా విప్పి, ఇనపకడ్డీ పట్టుకుని గానుగ చుట్టూ తిరిగాడు. మూడు చుట్లు, ఆగడం. రసం జారేదాకా ఆగి, మళ్ళీ మూడు చుట్లు. తొందరపడితే గింజల చేదు దిగుతుంది. గడ్డిరంగు రసం దారంలా కారుతోంది. వేలితో నాకి చూశాడు. తియ్యగా ఉంది, అంతే. పచ్చిరసం ఏ నేలదైనా తియ్యగానే ఉంటుంది. పులిసి, చలికాలం గడిచి, ఏప్రిల్ వస్తేగాని నోరు విప్పదు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ మళ్ళీ నాకాడు.

రెండుసార్లు ఎడమచెయ్యి పిడికిలి ముడిచి ఛాతీకి ఆనించుకున్నాడు.

"మొహం ఆ గోడలా ఉంది. ఇక చాల్లే, మిగతాది నేను తిప్పుతా," అంది తొంగి చూసిన జెర్మెన్.

"ఇంకో మూడు చుట్లే."

"మొండిఘటం! సూప్ తెస్తాను, కదలకు."

పీపా నిండాక అల్సీద్ దాని మూతికి ఒక ద్రాక్షాకు పరిచాడు. ఆకు ఎగిరిపోకుండా ఆ వరుసల్లోని సుద్దరాయి ముక్క ఒకటి పెట్టాడు. తరువాత బోర్లించిన తొట్టి మీద కూర్చున్నాడు.

జెర్మెన్ సూప్ తెచ్చేసరికి ఇంకా వెలుగు ఉంది. పీపాకు వీపు ఆనించి, చేతులు మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని ఉన్నాడు. రసం అంటిన అరచేతిలో కందిరీగ ఒకటి పాకుతోంది.

"మావా, కుడుతుంది, విదిలించు" అంది. అతను విదిలించలేదు. ఆమె గిన్నె కింద పెట్టి, కందిరీగను తనే తోలింది. ఆ చేతిని చాలాసేపు వదల్లేదు.

గురువారం వానలో అల్సీద్‌ను పాతిపెట్టారు. మరునాడు గుహలో పీపాలు సర్దుతున్న పనివాడు, పెద్ద పీపా ఒకటి కాస్త వెలితిగా ఉందని, ఈ చిన్నదాంతో నింపెయ్యమంటారా అని అడిగాడు.

"దాన్ని ముట్టుకోవద్దు" అంది ఓదెత్. "ఏప్రిల్‌లో చూద్దాం. ఏముందో."

పనివాడు వెళ్ళాక ఆమె దీపాన్ని చిన్న పీపా మూతికి దగ్గరగా పట్టింది. అంచులు వాడిన ఆకు రాయితో సహా కొద్దిగా పైకి లేచి, పక్కనుంచి ఒక బుడగను వదిలి, మళ్ళీ సర్దుకుంది.