యలమంద పెట్టిన కొత్త ఫోల్డరు

పర్చూరు దగ్గరి ఆ కోల్డ్ స్టోరేజీకి సాఫ్ట్‌వేర్ రాసిన మహానుభావుడు ఫోన్ ఎత్తడం మానేశాడు. అందుకని ఒంగోలు నుంచి నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి గుమాస్తా యలమంద కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన బెంచీ మీద వెంకటరావమ్మ గారు రసీదు పట్టుకుని కూర్చున్నారు.

ఆవిడ భర్త పేరయ్య గారు ఈ వేసవిలో పోయారు. పోయేముందు చేలో తానే ఏరిన విత్తనం మిరపకాయలు రెండు టిక్కీలకు, అంటే గోనె బస్తాలకు, ఎత్తి ఇక్కడ పెట్టారు. ఇప్పుడు నారు పోసే అదును వచ్చింది. ఆ టిక్కీలు ఏ ఛాంబర్‌లో ఏ వరసలో ఉన్నాయో కంప్యూటర్‌లోనే ఉంటుంది. కంప్యూటర్ చూస్తే ఖాళీ. ఛాంబర్లలో చూస్తే కప్పుదాకా టిక్కీలే.

"మా మామగారి నాటి నుంచి మా చేలో విత్తనమే అమ్మాయ్. ఆయన పోయిన ఏడే కొన్న విత్తనం వెయ్యమంటారా?" అన్నారావిడ.

ఆ మాట విన్న బాధ నాకు కోపమై యలమంద మీద పడింది.

"ఏం చేశారండీ దీన్ని?"

"నేనేం చెయ్యలా మేడమ్. ఉగాదికి కొత్త పుస్తకాలు పెట్టుకుంటాం గదా, అట్టాగే పూజ చేసి కొత్త ఫోల్డర్ పెట్టా. పాత లెక్కల ఫైలు వదిలేసి, సాఫ్ట్‌వేరంతా దాన్లోకి కాపీ కొట్టా. ఈ సీజన్ సరుకంతా దాన్లోనే ఎక్కించా."

మానిటర్ మూల నిజంగానే కుంకుమ బొట్టుంది. కొత్త ఫోల్డరు వెతికితే అందులో డేటాబేస్ ఫైలే లేదు. మరి ఇన్నాళ్ళూ ఎక్కించిందంతా ఏ గంగలో కలిసినట్టు? కోడ్ తీసి, ఫైలు తెరిచే చోట ఒక్క లైను కలిపాను: తెరిచిన ఫైలు ఏ ఫోల్డరులో ఉందో, దారి మొత్తం తెర మీద చూపించమని.

చూపించింది. అది పోయిన సీజన్ ఫోల్డరు! ప్రోగ్రామ్‌ను ఎక్కడికి కాపీ చేసినా, అది పాత చోటికే పోయి రాసి వస్తోంది. పాత ఫోల్డరు కనపడకపోతే చప్పుడు చెయ్యకుండా ఇంకోటి చేసుకుని, అందులో ఖాళీ ఫైలు పెట్టుకుంటోంది.

"పోయిన సీజన్ ఫోల్డర్ ఏం చేశారు?"

యలమంద మొహం పాలిపోయింది. "నిన్ననే తీసేశానండీ. పాత పుస్తకాలు అటకెక్కిస్తాంగా..."

"అటకెక్కిస్తే దించుకోవచ్చు. మీరు చెత్తబుట్టలో వేశారు!" అని అరిచి, ఆ మాటతోనే రీసైకిల్ బిన్ తెరిచాను. ఫోల్డరు ఉంది. ప్రోగ్రామ్ చేసుకున్న ఖాళీ ఫోల్డరు తీసేసి, దీన్ని మళ్ళీ దాని చోటికి చేర్చి ప్రోగ్రామ్ తెరిచాను.

పేరయ్య. రెండు టిక్కీలు. మూడో ఛాంబర్, గోడవైపు వరస.

హమాలీలు మోసుకొచ్చారు. వెంకటరావమ్మ గారు ఒక కాయ విరిచి గింజలు అరచేతిలో పోసుకున్నారు. గింజలు గట్టిగా, పసుప్పచ్చగా ఉన్నాయి. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

"రెండూ ఇచ్చేసినట్టు కంప్యూటర్‌లో కొట్టనామ్మా?" అన్నాడు యలమంద.

"కొడితే దాన్లో ఆయన పేరుంటదా?"

"ఉండదమ్మా. సరుకు పోతే పేరూ పోద్ది."

ఆవిడ కాసేపు తెర వంక చూసి, ఒక టిక్కీ మీద చెయ్యి వేశారు.

"నాకు ఒకటి చాల్లే. దీన్ని మళ్ళీ లోపల పెట్టు."