ఎడమచేతి ముడి

వలను కుడికాలి బొటనవేలికి తగిలించి, కాళ్లు బారజాపుకుని, రాముడు అప్పటికి మూడో కంత పూడుస్తున్నాడు. తెల్లవారుజామున పడిన టేకు చేప ఒకటి తోకముల్లుతో వలను చీల్చిపారేసి తన దారిన తాను పోయింది. దారం చుట్టిన వెదురుపుల్ల అతని ఎడమచేతి వేళ్ల మధ్య వల కన్నులోంచి దూరి, తిరిగి, బిగిసి, మళ్లీ దూరుతోంది. అరవై దాటిన మనిషి. ఉప్పుగాలికి ఎండిన ఒళ్లు, పైకి తేలిన పక్కటెముకలు, చూపుడువేలి మీద దారం కోసిన గాడి. కుడిచెయ్యి మాత్రం చుట్టపుచూపుగా వచ్చినట్టు వల అంచు పట్టుకుని ఊరికే ఉంటుంది. పనంతా ఎడమచెయ్యిదే.

ఎచ్చెర్ల నుంచి ఆటోలో వచ్చే దూరంలో ఉన్న ఆ పాలెంలో "సిరిగితే రాముడు, కొత్తదైతే జగన్నాధం" అని ఓ మాట ఉంది. జగన్నాధం అతని అన్న, పడవ ఉన్నవాడు. చిన్నప్పుడు రాముడు ఎడమచేత్తో తొలిముడి వెయ్యబోతే తండ్రి తడితాడు తీసుకుని ఆ చేతిమీదే కొట్టాడు. ఎడమచేత్తో మొదలెట్టిన వల సముద్రంలోని గంగమ్మకు గిట్టదని ఆ ఇంటి నమ్మకం. పోనీ కుడిచేత్తో అల్లమంటే రాముడి ముడి బిగిసేది కాదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని కన్నతల్లి కూడా విసుక్కుంది. చివరికి తండ్రే ఉపాయం చెప్పాడు. "కంతలు పూడ్సుకో. సుట్టూరా మంచి ముళ్లుంటాయి, మధ్యన నీదేదో ఎల్లిపోతాది." నలభై అయిదేళ్లుగా అలా వెళ్లిపోతూనే ఉంది. ఊళ్లో ఏ వల ఎత్తినా అందులో రాముడి ముళ్లుంటాయి గాని, రాముడి వల అన్నది ఒక్కటీ లేదు. పోయేలోగా ఒక్కటైనా తన చేత్తో మొదలెట్టాలని అతనికి ఎంతో ఆశగా ఉండేది. ఆ సంగతి భార్య కూర్మమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

2016 ఫిబ్రవరిలో, ఆ ఉదయం, ఇద్దరు ఆటో దిగి ఇసకలో చెప్పులు చేతపట్టుకుని నడిచి వచ్చారు. కామేష్ కాలేజీలో లెక్కల మేష్టారు. విశాలి శ్రీకాకుళంలో డ్రాయింగు టీచరు. ఒకే బడిలో చదువుకున్న ఈ ఇద్దరినీ, ఎవరి సంసారాలు వాళ్లకు వచ్చాక కూడా స్నేహితులుగా నిలిపింది ఒక బొమ్మల కథ. కామేష్ తండ్రి ఎప్పుడో విశాఖపట్నం ఫుట్‌పాత్ మీద ఆ కథ ఉన్న కట్ట ఒకటి కొన్నాడు. పాత ఇంగ్లండు వారపత్రికలు, మొత్తం పంతొమ్మిది. అందులో వీరుడి పేరు టైడ్ వార్డెన్. రేవుపట్నంలో పొగమంచులోంచి వచ్చి, దొంగల మీద వల విసిరి పట్టేస్తాడు. తక్కిన వీరులకు మెరిసే ముసుగులూ బెల్టులూ ఉంటే, ఇతనికి ఉన్నదల్లా భుజాల నుంచి మోకాళ్ల దాకా జారే ముతక వల.

ఆ ఏడాది ఇద్దరూ ఆ సంచికలన్నీ మళ్లీ మొదటినుంచి చదివారు. హైదరాబాదులో బొమ్మల కథల అభిమానులంతా తమ తమ వీరుల వేషాల్లో కలుస్తున్నారు. అక్కడికి కామేష్ వార్డెన్ వేషంలో వెళ్లాలి. బజారులో మిషను వల కొని కప్పుకుంటే, దోమతెరలో చిక్కుకున్న పెళ్లికొడుకులా ఉన్నావని విశాలి తేల్చేసింది. అందుకే వలలల్లేవాళ్లను వెతుక్కుంటూ వచ్చారు.

"బాబాయ్, ఇలాంటిది అల్లిపెట్టాలి," అని విశాలి తను పెద్దదిగా గీసుకున్న బొమ్మ పరిచింది.

రాముడు దానివైపు ఒక్కసారి చూశాడు. "ఇది మా అన్నకి సెప్పండమ్మా. కుడిసేతి ముళ్లియి. నాను అతుకులోణ్ణి."

కామేష్ నిరాశపడి, పోనీ అసలుది చూడమని, ప్లాస్టిక్ కవరులోంచి పాత సంచిక ఒకటి పసిపిల్లను ఎత్తినట్టు తీశాడు. అట్టమీద వార్డెన్ భుజం దగ్గరగా గీసి ఉంది. ప్రతి ముడీ విడిగా కనిపిస్తోంది. రాముడు చేతులు లుంగీకి తుడుచుకుని దాన్ని వెలుగుకు తిప్పాడు.  ఎడమచేతి వేళ్లు పుల్ల లేకుండానే కదలడం మొదలెట్టాయి.

"ఇది ఏరే బొమ్మమ్మా," అన్నాడు. "ఇందల ముడి మెడ అటేపు తిరిగున్నాది. ఇది నా సెయ్యి."

"అది అచ్చులో తప్పు బాబాయ్. బొమ్మ అద్దంలోలా తిరగబడి పడింది. అభిమానులంతా ఎప్పట్నించో అదే అంటారు. నేను సరిచేసి గీశాను."

"తిరగబడితే ఎనకాల పడవ మీద రాతలు కూడా తిరగబడాల గదా. నాకు సదూరాదు. మీరే సదివి సూడండి."

విశాలి వంగి చూసింది. వార్డెన్ వెనకాల పడవ మీద చిన్న అక్షరాల్లో రాసిన పేరు సవ్యంగానే ఉంది. చిన్నప్పటినుంచీ వందసార్లు చూసిన అట్ట. ఆమెకు సిగ్గేసింది.

"ఇతగాడు వల అల్లినోడు," అన్నాడు రాముడు, వేలు కాగితానికి తగలకుండా చూపిస్తూ. "ఊరికే సూసి గీసినోడు కాదు. బుజం వొంపు కాడ కన్ను తగ్గించినాడు సూడండి. అల్లినోడికే తెలస్తాది అది. ఎడం సేత్తో అల్లినాడు."

కామేష్‌కు ఒళ్లు గగుర్పొడిచింది. ఆ పత్రిక చిత్రకారుల పేర్లు వేసేది కాదు. వార్డెన్‌ను గీసిందెవరో ఏ అభిమానికీ తెలియదు. ఆ పేరులేని మనిషి గురించి మొట్టమొదటి సంగతి, అక్షరం ముక్క రాని ముసలాయన ఇసకలో కూర్చుని చెప్పాడు.

రాముడికి మాత్రం ఇంకో విడ్డూరం. ఎక్కడో సముద్రానికి ఆవల, ఎడమచేతి వలను ఒక మహావీరుడు భుజాన వేసుకుని తిరిగాడు.

"ఈణ్ణి కూడా కొట్టుంటారా అమ్మా?" అని అడిగాడు. విశాలికి అర్థం కాలేదు. అతను తడితాడు సంగతి చెప్పాక ఆమె తను గీసుకున్న బొమ్మను మడిచి పక్కన పెట్టేసింది.

"మీరే అల్లాలి బాబాయ్," అంది. "మాకిదే కావాలి. ఈ చేత్తోనే."

పడవ పక్కన నిలబడి అంతా వింటున్న జగన్నాధం దగ్గరకొచ్చాడు. "కొత్తదైతే నానల్లాల. ఆడు తొలిముడి ఎయ్యకూడదు. మా అయ్య పెట్టిన కట్టుబాటది."

రాముడు ఏనాడూ అన్నకు ఎదురు చెప్పినవాడు కాదు. లేచి నిలబడ్డాడు. 

"ఇది గంగమ్మ మీదికి ఎల్లదు గదన్నా. మనిసి బుజం మీదికి ఎల్తాది."

జగన్నాధం తమ్ముడి మొహంలోకి చూశాడు, నీళ్లవైపు చూశాడు. "నీ ఇట్టం," అని వెళ్లిపోయాడు.

తొలిముడి వెయ్యడానికి రాముడికి మూడుసార్లు పట్టింది. వల పని రాక కాదు, తడితాడు గుర్తొచ్చి. ఆ తర్వాత ఇక వెనక్కి చూడలేదు. ముతక నూలు, మూడు వేళ్ల వెడల్పు కన్ను. మధ్యాహ్నం కూర్మమ్మ గిన్నెలో చోళ్ల అంబలి తెచ్చి, అతని ఒళ్లో ఉన్నదాన్ని చూసి ఆగిపోయింది.

"తొలిముడి నువ్వే ఏసినావా?"

"ఊఁ."

ఆమె గిన్నె పక్కన పెట్టి, కూర్చుని, అతని పుల్లకు దారం చుట్టి ఇవ్వసాగింది. సంతోషంతో ఆమె కళ్లు నిండిపోయాయి.

పొద్దు వాలేవేళకు పని పూర్తయింది. విశాలి ఆ వలను కామేష్ భుజాల మీద సర్దింది. అదే బొజ్జ, అవే కళ్లద్దాలు. అయినా ఇసక మీద నిలబడ్డది లెక్కల మేష్టారు కాదు. పాలెం పిల్లలు నవ్వడానికి పోగయ్యారు గాని ఎవరూ నవ్వలేదు. కామేష్ వంగి, ఆ వల భుజాన ఉండగానే, రాముడి కాళ్లకు దణ్ణం పెట్టాడు.

"సాల్లే బాబూ, నూలు మాసిపోతాది," అన్నాడు రాముడు. ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, చీకటి పడ్డాక ఇంటికి నడిచాడు.

ఏప్రిల్లో వేట నిషేధం వచ్చి పడవలన్నీ ఒడ్డెక్కాయి. రాముడు ఎవరూ అడక్కుండానే, ఇంటి చూరు కింద కూర్చుని విసురువల ఒకటి మొదలెట్టాడు, తనకోసం, గంగమ్మ మీదికే. జగన్నాధం రోజూ ఆ దారినే వెళ్లేవాడు. చూసేవాడు గాని వద్దనేవాడు కాదు. జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం కూర్మమ్మ అంబలి తెచ్చేసరికి రాముడు గుంజకు ఆనుకుని ఉన్నాడు. కునుకనుకుని, లేపడం ఇష్టంలేక, ఆమె కాసేపు పక్కనే కూర్చుంది. అది కునుకు కాదు.

పదకొండో రోజు కార్యం అయ్యాక జగన్నాధం వచ్చి, తమ్ముడి వల తను పూర్తి చేస్తానన్నాడు. ఊళ్లో అతన్ని మించిన పనివాడు లేడు. ఒక వరస అల్లి, దూరంగా పట్టుకుని చూశాడు. రాముడి ముళ్లన్నీ అటు తిరిగి ఉన్నాయి, తనవి ఇటు.

"నా సేతికి రాదమ్మా ఇది," అన్నాడు కూర్మమ్మతో. మళ్లీ కూర్చుని, తను వేసిన ముళ్లు ఒక్కొక్కటే విప్పాడు. కళ్లు మసకబారి, అందుకు చాలాసేపే పట్టింది.

ఆ వల ఇప్పటికీ ఆ చూరుకే వేలాడుతోంది, చివరి కన్ను పూర్తికాకుండా, దారపు కొస ఎడమకు వాలి.